సాలూరు కీర్తి – శ్రీ సాలూరి రాజేశ్వరరావు గారు

మన సంఘం ప్రత్యేక సంచికలో మన ప్రాంతపు ప్రముఖులలో ఒకరి జీవితం గురించి వ్యాసం ఉండాలని కార్యవర్గం వారు నిర్ణయించి, ఆ పని నాకు అప్పగించారు. నేను రచయితను కాను. ముప్పై అయిదేళ్లు ఫైళ్లలో నోట్లు రాసిన గుమస్తాను. అందుచేత ఈ వ్యాసంలో అలంకారాలు వెతకవద్దని, విషయం మాత్రమే చూడవలసిందని సభ్యులకు, వారి కుటుంబసభ్యులకు ముందుగా మనవి చేసుకుంటున్నాను.

నేను ఎన్నుకున్నది సంగీత దర్శకులు శ్రీ సాలూరి రాజేశ్వరరావు గారిని. ఉద్యోగరీత్యా హైదరాబాదు, కాకినాడ, గుంటూరు వంటి చోట్లకు ట్రైనింగులకు, మీటింగులకు వెళ్లినప్పుడు మాది సాలూరు అని చెబితే ఎదుటివారు రెండే రెండు మాటలు అనేవారు. ఒకటి లారీల మాట. రెండవది రాజేశ్వరరావు గారి మాట. కొండకింద ఉన్న చిన్న ఊరికి ఈ రెండూ ఎలా వచ్చాయన్నది ఆలోచిస్తే, రెండింటి వెనుకా ఒకే రైలుమార్గం కనబడుతుంది. కనుక వారి జీవితంతో పాటు మన ఊరి సంగతి కూడా కలిపి రాస్తున్నాను.

ఊరు, రైలు

వేగావతి నది ఒడ్డున, తూర్పు కనుమల పాదాల దగ్గర ఉన్న ఊరు సాలూరు. పూర్వం జమీందారీ ఠాణా. తరువాత తాలూకా కేంద్రం. మన ఊరు ఉన్నచోటే ఉన్నా, జిల్లా మాత్రం మారుతూ వచ్చింది. మద్రాసు రాష్ట్రంలో విశాఖపట్నం జిల్లాగా ఉండేది. 1950లో శ్రీకాకుళం జిల్లా ఏర్పడితే అందులోకి వెళ్లింది. 1979లో విజయనగరం జిల్లాలోకి వచ్చింది. 2022 ఏప్రిల్ నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. మన సభ్యులలో పెద్దవారి సర్వీసు రిజిస్టర్లు తీసి చూస్తే ఒకే ఆఫీసుకు రెండు జిల్లాల ముద్రలు కనబడతాయి.

సాలూరుకు ఎగువన సుంకి, పొట్టంగి మీదుగా కోరాపుట్, జయపురం వెళ్లే ఘాటీ రోడ్డు ఉంది. ఆ కొండలమీది సరుకంతా ఈ దారినే దిగాలి. చింతపండు, పసుపు, అల్లం, కరక్కాయ, వలిసెలు, అడ్డాకులు, కొండచీపుళ్లు, కలప, ధాన్యం కిందికి వచ్చేవి. ఉప్పు, కిరోసిన్, బట్టలు, ఎండుచేపలు, ఇనుప సామాను పైకి వెళ్లేవి. దిగిన సరుకు, ఎక్కవలసిన సరుకు కలుసుకునే స్థలం సాలూరు. ఇక్కడి సంతకు ఉన్న బలమంతా ఆ కలయికలోనే ఉండేది.

బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ వారు 1908–09లో విజయనగరం నుంచి పార్వతీపురానికి రైలు వేశారు. ఆ మార్గంలో బొబ్బిలి వద్ద చీల్చి 1913లో సాలూరుకు శాఖ వేశారు. సుమారు 18 కిలోమీటర్ల దూరం. అంత చిన్న ముక్క ఎందుకు వేశారని పిల్లలు అడుగుతారు. సాలూరు జనాభా కోసం వేయలేదు. జయపురం సంస్థానం సరుకు కోసం వేశారు. ఘాటీ దిగిన బళ్లు నేరుగా స్టేషను గూడ్సు షెడ్డుకు వచ్చేవి. బళ్లవాళ్లు, హమాలీలు, కాటా వేసేవాళ్లు, కమీషను వర్తకులు, గోనెలు కుట్టేవాళ్లు, పూటకూళ్ల ఇళ్లవాళ్లు, ఇలా వందలాది కుటుంబాలకు ఆ షెడ్డే అన్నం పెట్టింది.

అయితే 1931లో పార్వతీపురం నుంచి రాయగడ మీదుగా రాయపూర్ వరకు పెద్దలైను పూర్తి అయింది. రైలు ఎటు సాగితే వర్తకం అటు సాగుతుంది. పెద్దలైను బొబ్బిలి దాటి ముందుకు పోయింది, సాలూరు మాత్రం కొమ్మ చివర ఉండిపోయింది. అయిదేళ్లకే, 1936 ఏప్రిల్ 1న, ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి జయపురం, కోరాపుట్ అటు వెళ్లాయి. మన ఊరు స్టేషను ఒక రాష్ట్రంలో, ఆ స్టేషనుకు సరుకు పంపే కొండలు మరొక రాష్ట్రంలో అయ్యాయి. సరిగ్గా ఆ సంవత్సరాలలోనే మన ప్రాంతం పిల్లవాడొకడు ఇల్లు విడిచి మద్రాసు, కలకత్తా వెళ్లాడు.

శివరామపురం పిల్లవాడు

రాజేశ్వరరావు గారు 1920ల తొలి ఏళ్లలో, అక్టోబరు 11వ తేదీన, సాలూరు దగ్గర శివరామపురం గ్రామంలో జన్మించారు. తండ్రి సన్యాసిరాజు గారు పాటలు రాసేవారు, మృదంగం వాయించేవారు. మహావిద్వాంసులు ద్వారం వెంకటస్వామినాయుడు గారి వాయులీనానికి మృదంగ సహకారం అందించినవారు. అన్న హనుమంతరావు గారు కూడా తరువాత సంగీత దర్శకులుగా పేరు తెచ్చుకున్నారు.

ఇక్కడ విజయనగరం సంగతి చెప్పాలి. 1919లో విజయనగరం మహారాజా వారు సంగీత కళాశాల స్థాపించారు. హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాలు. ద్వారం వారు అక్కడ వయొలిన్ ఆచార్యులై, 1936లో ప్రిన్సిపాలు అయ్యారు. సాలూరులో పొద్దున రైలెక్కితే బొబ్బిలిలో బండి మారి అదేరోజు విజయనగరం చేరవచ్చు. అందుచేత సాలూరు ప్రాంతానికి విజయనగరపు సంగీతం పరాయిది కాదు. ఆ కళాశాలలో ఘంటసాల వెంకటేశ్వరరావు గారికి విద్య చెప్పిన పట్రాయని సీతారామశాస్త్రి గారిని అందరూ సాలూరి చిన గురువుగారనే పిలిచేవారు. అంటే తెలుగువారి అభిమాన గాయకుడి గురువు పేరులోనూ సాలూరు ఉంది, ఆ గాయకుడిచేత ఎన్నో మధురమైన పాటలు పాడించిన సంగీత దర్శకుడి పేరులోనూ సాలూరు ఉంది. ఇంత చిన్న ఊరికి ఇది తక్కువ భాగ్యం కాదు.

ఇలాంటి వాతావరణంలో పుట్టిన పిల్లవాడికి రాగాలు అక్షరాలకంటె ముందే పట్టుబడ్డాయి. నాలుగైదేళ్ల వయసులోనే రాగం వినగానే పేరు చెప్పేవారట. ఎనిమిదేళ్లు వచ్చేసరికి అన్నదమ్ములు ఊరూరా కచేరీలు చేసేవారు, హరికథలు చెప్పేవారు. తబలా, మృదంగం, హార్మోనియం అన్నింటిమీదా చెయ్యి తిరిగింది.

1933 ప్రాంతంలో హచిన్స్ గ్రామఫోను కంపెనీ వారు ఈ పిల్లవాడిని బెంగుళూరు తీసుకువెళ్లి భగవద్గీత వగైరా రికార్డులు చేయించారు. పల్లెటూరి పిల్లవాడి గొంతు నల్లటి పళ్లెం మీదికి ఎక్కి ఊళ్లు తిరగడం మొదలైంది. ఆ రికార్డులు విన్న నిర్మాత పినపాల వెంకటదాసు గారు, నటులు వేమూరి గగ్గయ్య గారు ముచ్చటపడి, వేల్ పిక్చర్స్ వారి శ్రీకృష్ణలీలలు చిత్రంలో బాలకృష్ణుడి వేషం ఇచ్చారు. 1935లో ఆ చిత్రం విడుదలయింది. కంసుడు గగ్గయ్య గారు. అంతటి ఉగ్రమైన గొంతుకు ఎదురుగా నిలబడి భయం లేకుండా పాడిన పిల్లవాడు ఆంధ్రదేశమంతటికీ పరిచయమయ్యాడు. మరుసటి సంవత్సరం శశిరేఖాపరిణయంలో అభిమన్యుడిగా వేశారు.

మద్రాసు ఒకవైపు, కలకత్తా ఒకవైపు

విజయనగరం జంక్షను ఎటువంటి చోట ఉందో చూడండి. అది హౌరా–మద్రాసు మార్గంలో ఉంది. ప్లాట్‌ఫారం మీద నిలబడి ఒకవైపు బండెక్కితే మద్రాసు, మరొకవైపు బండెక్కితే కలకత్తా. రాజేశ్వరరావు గారి సంగీత విద్య కూడా ఈ రెండువైపులా సాగింది. మద్రాసులో సినిమా నేర్చుకున్నారు. కలకత్తాలో హిందూస్థానీ నేర్చుకున్నారు.

ఆ రోజుల్లో తెలుగు చిత్రాలు చాలా భాగం కలకత్తా, బొంబాయి, కొల్హాపూరు స్టూడియోలలో తీసేవారు. కీచకవధ చిత్రంలో నటించడానికి వారు కలకత్తా వెళ్లారు. వేషం అయిపోగానే తిరుగు బండి ఎక్కలేదు, సుమారు ఏడాదిపాటు అక్కడే ఉండిపోయారు. న్యూ థియేటర్స్ సంస్థ అప్పుడు వైభవంగా వెలుగుతోంది. కుందన్‌లాల్ సైగల్ గారి దగ్గర హిందూస్థానీ గానం మెళకువలు గ్రహించారు. ఆర్.సి. బోరాల్, పంకజ్ మల్లిక్ వంటివారు వాద్యబృందాన్ని ఎలా తీర్చిదిద్దుతున్నారో దగ్గరనుంచి గమనించారు. వయసు చూస్తే పదిహేనేళ్లవాడు. ఈ కాలపు పిల్లలైతే పదో తరగతి పరీక్ష రాసే వయసు.

ఆ ఒక్క సంవత్సరమే వారి సంగీతానికి పునాది అని నేను నమ్ముతాను. ఇంట్లో అబ్బింది కర్ణాటక సంప్రదాయం, బెంగాల్లో అబ్బింది హిందూస్థానీ లాలిత్యం. వారి తరువాతి పాటల్లో ఈ రెండూ విడదీయలేనట్లు కలిసిపోయి వినబడతాయి. ఏది ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో సంగీతజ్ఞులు చెప్పాలి, మనబోటివారికి మాత్రం హాయిగా ఉందని తెలుస్తుంది.

1938లో మద్రాసు తిరిగివచ్చి, విష్ణులీల అనే తమిళ చిత్రానికి సహాయకులుగా పనిచేశారు. 1939లో జయప్రద చిత్రానికి సంగీతం సమకూర్చారు. 1940లో గూడవల్లి రామబ్రహ్మం గారి ఇల్లాలు చిత్రంలో నటించి, పాడి, సంగీతమూ చేశారు. అందులో వారితో కలిసి పాడినవారు రావు బాలసరస్వతీదేవి గారు. ఆ జంట గొంతులు విడిగా రికార్డులపైన కూడా వచ్చాయి. యమునాతటం, రాధాకృష్ణులు, తుమ్మెదలు, పొదరిళ్లు, ఇలాంటి చిన్నచిన్న వస్తువులతో అల్లిన ఆ పాటలు తెలుగులో లలితసంగీతం అనే దానికి ఒక రూపం ఇచ్చాయని పెద్దలు చెబుతారు. అవి నాటకం పద్యాలు కావు, కచేరీ కీర్తనలూ కావు. ఇంట్లో కూర్చుని మెల్లగా పాడుకోదగిన పాటలు. మన అమ్మలు, అమ్మమ్మలు పిల్లల్ని జోకొడుతూ పాడుకున్న పాటల్లో వారివి ఎన్ని ఉన్నాయో లెక్కలేదు.

నెలజీతపు రోజులు

1940 ప్రాంతంలో ఎస్.ఎస్. వాసన్ గారి జెమినీ స్టూడియోలో చేరి దాదాపు పదేళ్లు పనిచేశారు. ఆ స్టూడియోలో సాంకేతిక నిపుణులందరూ నెలజీతంమీద ఉండేవారు. వారి జీవితంలో మనలాగా నెలజీతం తీసుకున్న కాలం అదే. జీవన్ముక్తి, బాలనాగమ్మ, మంగమ్మ శపథం అప్పటివే. 1942లో వచ్చిన బాలనాగమ్మను కాంచనమాల గారి కోసం, పాటల కోసం జనం మళ్లీమళ్లీ చూశారు.

1948లో వచ్చిన చంద్రలేఖ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. దేశంలో అప్పటిదాకా అంత ఖర్చుతో చిత్రం తీయలేదు. తమిళంలోనూ, హిందీలోనూ దేశమంతా ఆడింది. పెద్ద పెద్ద ఢంకాలమీద వందలాది నర్తకులు ఆడే ఘట్టం ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ చిత్రంలో కర్ణాటకం ఉంది, హిందూస్థానీ ఉంది, పాశ్చాత్య వాద్యాలు ఉన్నాయి, సర్కసు బాణీ కూడా ఉంది. అంత పెద్ద వాద్యబృందాన్ని నడిపించినప్పుడు రాజేశ్వరరావు గారికి ఇంకా ముప్పై ఏళ్లు నిండలేదు.

మల్లీశ్వరి నుంచి మిస్సమ్మ వరకు

జెమినీ నుంచి బయటికి వచ్చాక వారి స్వర్ణయుగం మొదలైంది. 1951లో బి.ఎన్. రెడ్డి గారి మల్లీశ్వరి వచ్చింది. పాటలు దేవులపల్లి కృష్ణశాస్త్రి గారివి, వాద్యబృంద నిర్వహణలో అద్దేపల్లి రామారావు గారి సహకారం. భానుమతి గారు, ఘంటసాల గారు పాడారు. రాయలవారి కాలపు కథ కనుక రాగాలు శాస్త్రీయంగా ఉండాలి, పల్లెటూరి బావామరదళ్ల ప్రేమ కనుక అమాయకంగానూ ఉండాలి. ఈ రెండూ సాధించారు. వాన కురిసినా, మేఘం కదిలినా, ఎద్దుబండి పరుగెత్తినా ఆ చిత్రంలో సంగీతమే కథ చెబుతుంది. ఆ చిత్రాన్ని చైనా దేశంలోనూ ప్రదర్శించారు. ఎద్దుబండి సన్నివేశం చూసినప్పుడల్లా నాకు ఘాటీ దిగివచ్చే మన బళ్లబారులు గుర్తుకు వస్తాయి.

1954లో విప్రనారాయణ. అక్కినేని వారికి ఎ.ఎం. రాజా గారి చేత పాడించారు. అది భక్తి చిత్రం. వైష్ణవ భక్తుడి తన్మయత్వం, దేవదేవి ఆకర్షణ, రెండూ ఒకే చిత్రంలో నడవాలి. 1955లో విజయా వారి మిస్సమ్మ. ఎల్.వి. ప్రసాద్ గారి దర్శకత్వం, పింగళి నాగేంద్రరావు గారి పాటలు. ఎ.ఎం. రాజా, లీల, సుశీల గార్లు పాడారు. హాస్యచిత్రమే అయినా ప్రతి పాటా ఏదో ఒక రాగాన్ని ఆసరా చేసుకుని ఉంటుంది. సంగీతం నేర్చుకోనివాడు కూడా తప్పులేకుండా పాడగలిగేటట్లు బాణీ కట్టడం వారి గొప్పతనం. వెన్నెల మీద, చందమామ మీద ఆ చిత్రంలో వచ్చే పాటలు పాడని తెలుగు ఇల్లు లేదు.

తరువాత చెంచులక్ష్మి, అప్పుచేసి పప్పుకూడు, భార్యాభర్తలు, ఇద్దరు మిత్రులు, కులగోత్రాలు, ఆరాధన వరసగా వచ్చాయి. 1964లో డాక్టర్ చక్రవర్తి, అమరశిల్పి జక్కన, 1967లో భక్త ప్రహ్లాద. బి. గోపాలం గారితో కలిసి బి.ఎన్. రెడ్డి గారికి రంగులరాట్నం, బంగారుపంజరం చేశారు. మొత్తం వందకు పైగా చిత్రాలు. వీటిలో చిత్రం ఆడనివి కూడా ఉన్నాయి, పాట నిలవనివి చాలా తక్కువ.

అప్పుడు ఊరు ఏం చేస్తోంది

రాజేశ్వరరావు గారు మద్రాసులో బాణీలు కడుతున్న ఆ ముప్పై ఏళ్లలో మన సాలూరు కూడా ఊరికే కూర్చోలేదు. రైలు కొండ ఎక్కదు. స్టేషను దగ్గర ఆగిపోతుంది. అక్కడినుంచి పైకి బళ్లు, బళ్ల తరువాత లారీలు. ఘాటీ మలుపులు ఎక్కడ ఎలా ఉన్నాయో, ఏ వాగు ఏ నెలలో పొంగుతుందో, జయపురంలో ఏ వర్తకుడి దగ్గర ఏ సరుకు దొరుకుతుందో తెలిసినవాళ్లు మన ఊళ్లో ఉన్నారు. తాతలు బళ్లు తోలిన దారిలో మనవలు లారీలు తోలారు. అన్నదమ్ములు, బావమరుదులు కలిసి వాటాలు వేసుకుని ఒక లారీ కొనడం, దాని రాబడితో రెండవది కొనడం, ఇలా పెరిగింది. రాయపూర్ వరకు, ఆపైన కూడా సాలూరు లారీ వెళ్లని చోటు లేకుండా పోయింది. లారీల సంఖ్యలో విజయవాడ తరువాత సాలూరే అని మనవాళ్లు గర్వంగా చెప్పుకునేవారు.

లారీ వస్తే ఒక్క డ్రైవరుకే కాదు, పదిమందికి పని. బాడీ కట్టే వడ్రంగులు, కమ్మరులు, మెకానిక్కులు, టైర్లవాళ్లు, వెల్డింగువాళ్లు, రంగులు వేసి వెనక బొమ్మలు గీసేవాళ్లు, క్లీనర్లు, ఫైనాన్సువాళ్లు, ఘాటీ పొడుగునా హోటళ్లవాళ్లు. ఒకప్పుడు గూడ్సు షెడ్డు పెట్టిన అన్నం ఇప్పుడు షెడ్డు బయటి గ్యారేజీలు పెట్టాయి.

ఈలోగా కొండలమీదికి కూడా రైలు వచ్చింది. 1960ల రెండవ భాగంలో కొత్తవలస–కిరండూల్ మార్గం వేశారు. 1998 ఆఖరున కోరాపుట్–రాయగడ మార్గం పూర్తయింది. కొండల సరుకుకు సాలూరు స్టేషనే దిక్కు అనే రోజులు పోయాయి. మన శాఖలో బొగ్గు ఇంజను బండి పోయి, ఒక్క పెట్టె రైలుబస్సు నడిచింది. అయినా ఊరు నిలబడింది. కారణం ఏమిటంటే, స్టేషను తెచ్చిన వర్తకం పోయినా, స్టేషను నేర్పిన పనితనం మనుషుల చేతుల్లో మిగిలింది. ఊరికైనా మనిషికైనా ఆఖరికి మిగిలేది అదే.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో గ్యారేజీల మీదుగా తాలూకా ఆఫీసుకు నడిచివెళ్లేవాణ్ణి. సుత్తి దెబ్బల మధ్య రేడియో మోగుతూ ఉండేది. 1963లో విశాఖపట్నం కేంద్రం వచ్చాక మన ప్రాంతంలో రేడియో బాగా వినబడేది. రాజేశ్వరరావు గారి పాట వస్తే పనివాళ్లు సుత్తి ఆపేవారు కాదు గాని, దెబ్బ తాళానికి సరిపోయేటట్లు వేసేవారు. వారి బాణీకి అంతకు మించిన మెప్పు ఉంటుందని నేను అనుకోను.

చివరి దశ

1970ల నుంచి సినిమా సంగీతం తీరు మారింది. వేగం పెరిగింది. నెలలతరబడి కూర్చుని ఒక పాటకు పదిరకాల బాణీలు కట్టి అందులో ఒకటి ఏరుకునే పద్ధతి పోయింది. వారికి అవకాశాలు క్రమంగా తగ్గాయి. గౌరవాలకు లోటు రాలేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ బిరుదు ఇచ్చింది. ఆ విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు విరాళం ఇచ్చి నిలబెట్టినవారు జయపురం మహారాజా విక్రమదేవ వర్మ గారు. ఏ సంస్థానం సరుకు కోసం సాలూరుకు రైలు వచ్చిందో, ఆ సంస్థానం ధనంతో పెరిగిన విశ్వవిద్యాలయమే సాలూరు బిడ్డకు బిరుదు ఇచ్చిందన్నమాట. 1992లో రాష్ట్ర ప్రభుత్వం రఘుపతి వెంకయ్య అవార్డు ఇచ్చింది. కుమారులు సంగీతరంగంలో ప్రవేశించారు, వారిలో కోటి గారు అందరికీ తెలిసినవారే.

ఇక్కడ మన పెన్షనర్లం గమనించవలసిన విషయం ఒకటి ఉంది. 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. పెన్షను దయతో పడేసేది కాదని, చేసిన సేవకు దక్కవలసిన హక్కు అని ఆ తీర్పు సారాంశం. ఏటా ఆ తేదీన మనం పెన్షనర్ల దినం జరుపుకుంటున్నాం. మరి పాట కట్టినవాడి సంగతి ఏమిటి? సినిమా కోసం కట్టిన పాట మీద హక్కు సాధారణంగా నిర్మాతదేనని 1977లో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే కట్టినప్పుడు ఇచ్చిన సొమ్మే సొమ్ము. ఆ పాట తరువాత యాభై ఏళ్లు మోగినా, రికార్డు క్యాసెట్టు అయినా, క్యాసెట్టు సీడీ అయినా, రాబడిలో వాటా అడిగే బలం సంగీత దర్శకుడికి చట్టంలో లేదు. 2012లో కాపీరైటు చట్టాన్ని సవరించి, రచయితకు, సంగీతకర్తకు రాయల్టీలో వాటాను వదులుకోవడానికి వీలులేని హక్కుగా చేశారు. అప్పటికి రాజేశ్వరరావు గారు పోయి పన్నెండేళ్లు దాటింది.

మన ఇళ్లలో ఒకటో తారీకు వస్తే ఎంతో కొంత బ్యాంకులో పడుతుంది. మనం రాసిన ఫైళ్లు ఏ రికార్డు రూములో ఉన్నాయో మనకే తెలియదు. వారు చేసిన పని ఇవాళ కూడా ఎక్కడో ఒకచోట మోగుతూనే ఉంటుంది. పని మరుగునపడిన మనకు ముసలితనంలో ఆధారం ఉంది, పని నిత్యం బతికే ఉన్న వారికి చట్టం ఆధారం చూపలేదు. డి.ఏ. బకాయిలు ఆలస్యమైనప్పుడు ఆందోళన చేయడానికి మనకు సంఘం ఉంది, ఆ మాట నేను తక్కువచేయను. కాని హక్కు అంటే ఏమిటో తెలుసుకున్న మనమే ఇలాంటివారి హక్కును కూడా గుర్తించాలి.

రాజేశ్వరరావు గారు 1999 అక్టోబరులో చెన్నైలో పరమపదించారు. ఆ రోజు టీవీలో, రేడియోలో వారి పాటలే వేశారు. వారి ఇంటిపేరు వల్ల మన ఊరిపేరు కూడా ఆ రోజు దేశమంతా వినబడింది.

మనం చేయగలిగినవి

2020లో కరోనా వచ్చి దేశంలో రైళ్లన్నీ నిలిచిపోయినప్పుడు మన రైలుబస్సు కూడా ఆగింది. ఆ నెలల్లో ఇళ్లలో కూర్చున్న మనవలకు కాలక్షేపంగా మల్లీశ్వరి, మిస్సమ్మ చూపించాను. సంగీతం ఎవరిదో పేరు పడినప్పుడు అది మన ఊరేనా తాతయ్యా అని అడిగారు. శివరామపురం ఎక్కడ ఉందో వాళ్లకు తెలియదు. వాళ్ల తప్పు కాదు, మనం చెప్పలేదు.

అందుచేత కార్యవర్గం వారికి మూడు సూచనలు చేస్తున్నాను. ఒకటి, ఏటా డిసెంబరు 17న మన సభ ముగిశాక ఒక గంట రాజేశ్వరరావు గారి పాటలు మన పిల్లల చేత, మనవల చేత పాడించాలి. రెండు, ఈ ప్రాంతంలో పాత గ్రామఫోను రికార్డులు, పాటల పుస్తకాలు, ఫోటోలు ఎవరి ఇళ్లలో ఉన్నా వాటి జాబితా మన సంఘం తయారు చేయాలి. జాబితాలు రాయడం మనకు చేతనైన పనే. మూడు, ఊరి పాత వర్తకం, గూడ్సు షెడ్డు, ఘాటీ బళ్లు, తొలి లారీల సంగతులు తెలిసిన పెద్దలు మనలో ఇంకా ఉన్నారు. వారు చెప్పగా కుర్రవాళ్లు రాసుకోవాలి. ఇవి ఆలస్యం చేయదగ్గ పనులు కావు. మన సభ్యుల పట్టికలో ఏటా కొన్ని పేర్ల పక్కన ఏమి రాయవలసి వస్తోందో అందరికీ తెలుసు.

విగ్రహం పెడితే మంచిదే. పాట పాడితే ఇంకా మంచిది. లారీ బాడీ కట్టే పనివాడి కొడుకు తండ్రి దగ్గర పని నేర్చుకున్నట్లే, సన్యాసిరాజు గారి కొడుకు తండ్రి దగ్గర తాళం నేర్చుకున్నారు. ఆ తాళమే మద్రాసు, కలకత్తా వెళ్లి పెద్దదై తిరిగి మన గ్యారేజీల్లోకి వచ్చింది. మన ఊరు మన పిల్లలకు ఇవ్వగలిగిన ఆస్తి ఇలాంటి విద్యే. ఈ వ్యాసం చదివిన సభ్యులు ఈ పూట ఇంట్లో పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని వారి పాట ఒకటి వినిపించి, అది కట్టినాయన మన సాలూరు వారని చెప్పవలసిందిగా కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.